మన వెబ్‌సైట్ లోకానికి కనబడాలంటే...
సెర్చ్ ఇంజన్లు ఉచితంగా ఇచ్చే టూల్స్ గురించి



వెబ్‌సైట్ పెట్టడం ఈ రోజుల్లో పెద్ద విషయం కాదు. కొంచెం కంప్యూటర్ పరిజ్ఞానం ఉన్న డిగ్రీ విద్యార్థి వారం రోజుల్లో ఒక సైటు తయారు చేయగలడు. ట్యూషన్ సెంటర్ నడిపేవారు, చేనేత బట్టలు అమ్మేవారు, టైలరింగ్ షాపు పెట్టినవారు, ఊరి సంఘానికి సేవ చేసేవారు ఎందరో సొంత సైట్లు పెట్టుకుంటున్నారు. అసలు చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. నెలలు గడిచినా గూగుల్‌లో వెతికితే ఆ సైటు జాడ ఉండదు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేసి, "ఇంత డబ్బు కట్టండి, మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ" అంటారు. వడ్డీకి తెచ్చిన పెట్టుబడిలోంచి అలా కట్టి నష్టపోతున్నవారు ఉన్నారు.

డబ్బు కట్టే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. ఒకటి, మామూలు ఫలితాల్లో స్థానాన్ని గూగుల్ ఎవరికీ అమ్మదు. డబ్బు తీసుకుని వేసేవి ప్రకటనలు మాత్రమే. వాటి పైన స్పాన్సర్డ్ అని రాసి ఉంటుంది. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ సంస్థే తన మార్గదర్శకాల్లో చెబుతోంది. రెండు, మన సైటు గురించి సెర్చ్ ఇంజన్‌కు ఏం తెలుసో, ఏం తెలియదో చూపించే టూల్స్‌ను ఆ సంస్థలే ఉచితంగా ఇస్తున్నాయి. వాటిని గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

సెర్చ్ ఇంజన్ ఎలా పనిచేస్తుంది?

మనం ఒక మాట టైపు చేసి వెతికినప్పుడు గూగుల్ అప్పటికప్పుడు ప్రపంచంలోని సైట్లన్నీ తిరిగి రాదు. అంతకుముందే తిరిగి రాసిపెట్టుకున్న సూచికలో చూసి జవాబు ఇస్తుంది. ఈ పనిలో మూడు దశలున్నాయి.

మొదటిది తిరగడం. క్రాలర్ లేదా స్పైడర్ అనే ప్రోగ్రాం ఒక పేజీలోని లింకులు పట్టుకుని మరో పేజీకి పోతూ ఉంటుంది. వెబ్ అంటే సాలెగూడు, అందులో తిరిగేది కనుక స్పైడర్, అంటే సాలీడు అన్నారు. రెండవది సూచికలో చేర్చడం. పేజీలోని విషయాన్ని చదివి, పనికివస్తుందని తోస్తే దాచుకుంటుంది. దీనినే ఇండెక్సింగ్ అంటారు. మూడవది వరుస నిర్ణయించడం. వెతికినవారికి ఏ పేజీ ఎక్కువ ఉపయోగమో చూసి ముందు వెనుకలు నిర్ణయిస్తుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించినప్పుడు వారి ప్రత్యేకత ఈ మూడవ దశలోనే ఉంది. ఒక పేజీకి ఎందరు లింకు ఇచ్చారు, ఆ ఇచ్చినవారికి ఎంత విలువ ఉంది అన్నది లెక్కకట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతి వారిది. ఇప్పుడు దానితో పాటు ఇంకా అనేక విషయాలు చూస్తున్నారు.

లైబ్రరీతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. పుస్తకం లైబ్రరీకి చేరాలి, రిజిస్టరులో ఎక్కాలి, అడిగినవారికి లైబ్రేరియన్ తీసి ఇవ్వాలి. "మా సైటు రావడం లేదు" అనేవారిలో చాలామంది మూడవ దశ గురించి బెంగపడుతుంటారు. నిజానికి వారి పేజీలు రిజిస్టరులోనే ఎక్కి ఉండవు. లోపం ఏ దశలో ఉందో తెలుసుకోవడమే ఈ టూల్స్ వల్ల కలిగే మొదటి ప్రయోజనం.

అకౌంట్ అక్కరలేని మొదటి పరీక్ష

గూగుల్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో సైట్ అనే మాట, వెంటనే కోలన్ గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా మీ డొమైన్ పేరు టైపు చేసి వెతకండి. మీ సైటులోని పేజీలు మాత్రమే వరుసగా వస్తే సూచికలో కొంతైనా ఉన్నట్టు. ఏమీ రాకపోతే మొదటి రెండు దశల్లో ఎక్కడో ఆగిందని అనుమానించాలి. ఇది స్థూలమైన పరీక్ష మాత్రమే. అన్ని పేజీలూ ఇందులో కనబడకపోవచ్చు. కచ్చితమైన సమాచారానికి సెర్చ్ కన్సోల్‌కు వెళ్ళాలి.

గూగుల్ సెర్చ్ కన్సోల్

ఉచిత టూల్స్ అన్నింటిలో ముఖ్యమైనది ఇదే. 2005 జూన్‌లో గూగుల్ సైట్‌మ్యాప్స్ పేరుతో మొదలై, 2006లో వెబ్‌మాస్టర్ టూల్స్ అయి, 2015 మే నెలలో సెర్చ్ కన్సోల్ అనే పేరు పెట్టుకుంది. జీమెయిల్ అకౌంట్ ఉంటే చాలు.

సైటు మీదేనని ముందుగా నిరూపించుకోవాలి. గూగుల్ ఇచ్చే చిన్న ఫైలును మీ సైటులో పెట్టవచ్చు, ఒక లైను కోడును హోమ్‌పేజీలో చేర్చవచ్చు, లేదా డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ రికార్డులో చేర్చవచ్చు. సైటు పెట్టిన రోజే ఈ పని చేయడం మంచిది. ఎందుకంటే చేర్చినప్పటి నుండే వివరాలు పోగవుతాయి. ఇందులో ముఖ్యంగా చూడవలసినవి నాలుగు.

1. పనితీరు: ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీ ఫలితాల్లో కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎందరు క్లిక్ చేశారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి ఇక్కడ తెలుస్తాయి. 16 నెలల లెక్క నిలవ ఉంటుంది. ఉదాహరణకు మంగళగిరి చీరలు అమ్మే సైటు ఒకటి ఉందనుకుందాం. ఒక నెలలో 2,000 సార్లు ఫలితాల్లో కనబడి 20 మందే క్లిక్ చేశారనుకుందాం. అంటే నూటికి ఒక్కరు. సగటు స్థానం 5 అయితే, కనబడుతున్నా జనం తొక్కడం లేదని అర్థం. పేజీ శీర్షిక "హోమ్" అనో "వెల్‌కమ్" అనో ఉందేమో చూడాలి. "మంగళగిరి కాటన్ చీరలు – నేతగాళ్ళ నుండి నేరుగా" అని మార్చితే వెతికేవారికి విషయం తెలుస్తుంది. సగటు స్థానం 60 అయితే సమస్య వేరు. పేజీలో సరుకు చాలడం లేదని అర్థం.

2. పేజీల ఇండెక్సింగ్: ఎన్ని పేజీలు సూచికలో ఉన్నాయి, లేనివి ఎందుకు లేవు అన్నది కారణాలతో చూపిస్తుంది. "డిస్కవర్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని ఉంటే, పేజీ ఉన్నదని తెలిసింది గాని ఇంకా వచ్చి చదవలేదని అర్థం. "క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అంటే వచ్చి చదివింది గాని చేర్చుకోలేదు. ఈ రెండవది చూసినప్పుడు మన పేజీని మనమే నిజాయితీగా చదువుకోవాలి. వేరేచోట నుండి కాపీ చేసిందా? రెండు లైన్లే ఉన్నాయా? అలాంటి పేజీలకు ఏ టూల్ కూడా సాయం చేయలేదు.

3. చిరునామా తనిఖీ: ఒక్కొక్క పేజీ చిరునామా ఇచ్చి, గూగుల్ దాన్ని చివరిసారి ఎప్పుడు చదివింది, అడ్డంకి ఏమైనా ఉందా అని చూడవచ్చు. కొత్త పేజీని సూచికలో చేర్చమని ఇక్కడి నుండే అడగవచ్చు. అడగడం మన వంతు, చేర్చడం వారి ఇష్టం. మళ్ళీ మళ్ళీ నొక్కితే పని త్వరగా జరగదు.

4. భద్రత, చర్యలు: సైటు హ్యాక్ అయితే, లేదా నియమాలు మీరినందుకు గూగుల్ సిబ్బంది చర్య తీసుకుంటే ఇక్కడ తెలుస్తుంది, మెయిల్ కూడా వస్తుంది. లింకులు కొనిపెట్టే ఏజెంట్లకు డబ్బు కట్టినవారికి ఈ పేజీలోనే చేదు వార్త ఎదురుకావచ్చు.

సైట్‌మ్యాప్, రోబోట్స్ ఫైలు

సైట్‌మ్యాప్ అంటే మన సైటులోని పేజీల జాబితా. ఊరికి కొత్తగా వచ్చినవారికి వీధుల పటం ఇచ్చినట్టు. 2006 నవంబరులో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ ఒకే పద్ధతిని ఒప్పుకున్నాయి. అందువల్ల ఒక్క ఫైలు తయారు చేస్తే అందరికీ సరిపోతుంది. ఒక ఫైలులో 50,000 చిరునామాల వరకు పెట్టవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో సైటు పెడితే ఇది దానంతటదే తయారవుతుంది. దాని చిరునామాను సెర్చ్ కన్సోల్‌లో ఒకసారి ఇస్తే చాలు.

రోబోట్స్ డాట్ టిఎక్స్‌టి అనే ఫైలు వాకిట్లో కట్టిన బోర్డు లాంటిది. ఏ గదిలోకి రావచ్చో, దేనిలోకి రాకూడదో స్పైడర్‌కు చెబుతుంది. 1994లో మార్టిన్ కోస్టర్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు. 2022లో అది అధికారిక ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంగా వెలువడింది. ఇందులో డిజలౌ అనే మాట పక్కన ఒక్క స్లాష్ గీత ఉంటే మొత్తం సైటుకు తలుపు వేసినట్టే. వర్డ్‌ప్రెస్‌లో కూడా సెర్చ్ ఇంజన్లు రావద్దని చెప్పే టిక్కు ఒకటి సెట్టింగులలో ఉంటుంది. సైటు తయారీలో ఉన్నప్పుడు టిక్కు పెట్టి, పని అయ్యాక తీయడం మరచిపోతుంటారు. అలాంటి సైటుకు ఎంత డబ్బు పోసినా ఏం లాభం?

ఇంకో జాగ్రత్త. రోబోట్స్ ఫైలు తాళం కాదు, బోర్డు మాత్రమే. దానిని ఎవరైనా తెరిచి చదవవచ్చు. విద్యార్థుల ఫోన్ నంబర్లు, మార్కుల జాబితాలు, కుల ధృవీకరణ పత్రాల స్కాన్ కాపీలు వంటివి సైటులో పెట్టి, ఈ ఫైలుతో దాచాం అనుకోకూడదు. అవి పాస్‌వర్డ్ వెనుక ఉండాలి, అసలు పెట్టకపోతే ఇంకా మంచిది.

బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్

మైక్రోసాఫ్ట్ వారి బింగ్ 2009లో వచ్చింది. వాడేవారు గూగుల్ కంటే చాలా తక్కువే అయినా, వారి వెబ్‌మాస్టర్ టూల్స్ కూడా ఉచితం. సెర్చ్ కన్సోల్‌లో ఉన్న సైటును నేరుగా ఇక్కడికి తెచ్చుకోవచ్చు, మళ్ళీ నిరూపించుకునే పని లేదు. సైటు అంతా తిరిగి లోపాలు చెప్పే స్కాన్, జనం ఏ మాటలతో వెతుకుతున్నారో చూపించే విభాగం, మనకు ఎవరు లింకు ఇచ్చారో చెప్పే విభాగం ఇందులో ఉన్నాయి. 2021లో బింగ్, రష్యాకు చెందిన యాండెక్స్ కలిసి ఇండెక్స్‌నౌ అనే పద్ధతి తెచ్చాయి. కొత్త పేజీ పెట్టిన వెంటనే ఆ సెర్చ్ ఇంజన్లకు కబురు అందుతుంది.

జనం ఏ మాటలతో వెతుకుతున్నారు?

మనం వాడే మాట, కొనేవారు టైపు చేసే మాట ఒకటి కాకపోవచ్చు. మనం "చేనేత వస్త్రాలు" అని రాస్తాం. వారు "కాటన్ శారీస్" అని ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు. గూగుల్ ట్రెండ్స్ 2006 నుండి ఉంది, దీనికి అకౌంట్ కూడా అక్కరలేదు. రెండు మాటలు ఇచ్చి ఏది ఎక్కువ వెతుకుతున్నారో, ఏ రాష్ట్రంలో, ఏ నెలలో పెరుగుతుందో చూడవచ్చు. అయితే అందులోని అంకెలు మనుషుల సంఖ్య కావు. అత్యధికంగా వెతికిన సమయాన్ని 100గా తీసుకుని మిగతావి పోల్చి చూపిస్తారు. నెలకు సుమారు ఎన్నిసార్లు వెతుకుతారో తెలియాలంటే గూగుల్ యాడ్స్ అకౌంట్‌లోని కీవర్డ్ ప్లానర్ ఉంది. ప్రకటనలపై ఖర్చు చేయనివారికి అందులో సంఖ్యలు స్థూలంగానే కనబడతాయి.

వీటన్నిటికంటే తేలికైన మార్గం ఇంకొకటి ఉంది. గూగుల్‌లో సగం మాట టైపు చేసి ఆగితే కింద వచ్చే సూచనలు చూడండి. అవి జనం నిజంగా వెతికే మాటల నుండే వస్తాయి.

వేగం

పల్లెలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌లో మన సైటు ఎంతసేపటికి తెరుచుకుంటుంది? దీన్ని పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత టూల్ చెబుతుంది. పేజీ చిరునామా ఇస్తే చాలు. మూడు కొలతలు గుర్తుంచుకోండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలో కనబడాలి. వేలితో నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. చదువుతుండగా అక్షరాలు, బొమ్మలు కిందికి పైకి జరగకూడదు, ఆ కదలిక కొలత 0.1 దాటకూడదు. చాలా సైట్లలో దోషం ఫోటోలదే. ఫోన్ కెమెరాతో తీసిన పెద్ద ఫోటోను అలాగే ఎక్కిస్తారు. సైజు తగ్గించి ఎక్కిస్తే పైసా ఖర్చు లేకుండా సైటు వేగం పెరుగుతుంది.

తెలుగు సైట్ల ప్రత్యేక సమస్య

2000 ప్రాంతంలో చాలా తెలుగు సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. కంటికి తెలుగు అక్షరాలే కనబడేవి గాని, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. సెర్చ్ ఇంజన్‌కు అది అర్థంలేని రాత. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు ఉన్నా, వాడకం పెరగడానికి ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆ సమస్య పోయిందనుకోకండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన మ్యాటరును పీడీఎఫ్ చేసి సైటులో పెడితే తెలుగులో వెతికేవారికి దొరకదు. కరపత్రాన్ని బొమ్మగా పెట్టినా అదే ఇబ్బంది. పరీక్ష సులువే. మీ పేజీలోని ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగుగానే వస్తే యూనికోడ్. పిచ్చి గీతలు వస్తే సెర్చ్ ఇంజన్‌కు కూడా అలాగే కనబడుతున్నట్టు. మన హాస్టల్ సంచికలను ఎప్పుడైనా నెట్‌లో పెట్టాలనుకుంటే ఈ మాట గుర్తుంచుకోవాలి. లేకపోతే ఇన్నేళ్ళ రచనలు ఉండి కూడా లేనట్టే.

షాపు ఉన్నవారికి

టైలరింగ్, మెడికల్ షాపు, మెకానిక్ షెడ్డు, ట్యూషన్ సెంటర్ వంటివి నడిపేవారికి సైటు కంటే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అవసరం. 2021 వరకు దీనిని గూగుల్ మై బిజినెస్ అనేవారు. మ్యాపులో షాపు ఎక్కడుందో, ఎప్పుడు తెరిచి ఉంటుందో, ఫోన్ నంబరు ఏమిటో కనబడుతుంది. ఇది పూర్తిగా ఉచితం. "గూగుల్ నుండి మాట్లాడుతున్నాం, లిస్టింగ్ రెన్యువల్ ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మవద్దు.

కాలం చెల్లిన సలహాలు

పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో చెప్పే కొన్ని విషయాలు ఇప్పుడు పనికిరావు. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో మాటలు నింపమంటారు. వెబ్ ఫలితాల వరుసకు దాన్ని చూడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. పేజ్‌ర్యాంక్ అంకె చూడమంటారు. ఆ అంకెను బయటివారికి చూపించడం 2016లో ఆపేశారు. యాహూ సైట్ ఎక్స్‌ప్లోరర్ 2011లో మూతపడింది. గూగుల్ పాత అనలిటిక్స్ 2023 జూలై నుండి లెక్కలు తీసుకోవడం మానేసింది, ఇప్పుడున్నది అనలిటిక్స్ 4. మొబైల్ ఫ్రెండ్లీ టెస్ట్‌ను కూడా 2023 డిసెంబరులో తీసేశారు. వీటి పేర్లు చెప్పి ఇప్పటికీ ఫీజు అడిగేవారితో జాగ్రత్తగా ఉండాలి.

తాళంచెవులు మన దగ్గరే ఉండాలి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. సైటు ఎవరిచేత చేయించుకున్నా డొమైన్ పేరు మీ పేరున, మీ మెయిల్‌తో కొనాలి. సెర్చ్ కన్సోల్‌లో, బిజినెస్ ప్రొఫైల్‌లో యజమాని మీరే కావాలి. పని చేసేవారికి విడిగా అనుమతి ఇవ్వవచ్చు, పని అయ్యాక తీసేయవచ్చు. ఇల్లు కట్టిన మేస్త్రి పేరున పట్టా రాయించుకోము కదా! ఈ జాగ్రత్త తీసుకోనివారు చేయించినవారితో మాట తేడా వచ్చిన రోజున సొంత సైటుకే పరాయివారైపోతారు.

డబ్బు తీసుకుని ఈ పని చేసేవారందరూ మోసగాళ్ళని దీని అర్థం కాదు. నిజంగా పని తెలిసినవారు ముందు మీ సెర్చ్ కన్సోల్ చూపించమంటారు, లోపం ఎక్కడుందో చెబుతారు, కొన్ని నెలలు పడుతుందని కూడా చెబుతారు. గ్యారంటీ మాత్రం ఇవ్వరు. ఈ తేడా గుర్తుపట్టడానికైనా మనకు ఈ టూల్స్ తెలిసి ఉండాలి.

చివరగా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఈ విద్య నేర్చుకోవడానికి కోచింగ్ ఫీజు అవసరం లేదు. గూగుల్, బింగ్ రెండూ తమ సహాయ పేజీల్లో అన్నీ వివరంగా రాసి ఉంచాయి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక చిన్న సైటు పెట్టండి. మీ ఊరి చరిత్రో, మీ ఊరి పంటల గురించో యూనికోడ్ తెలుగులో పది పేజీలు సొంతంగా రాయండి. సెర్చ్ కన్సోల్‌లో చేర్చి, వారానికి ఒకసారి చూసి నోటుబుక్కులో రాసుకోండి. ఆరు నెలల్లో మీకు వచ్చే అనుభవం రేపు ఉద్యోగానికి పనికివస్తుంది. మన పూర్వ విద్యార్థుల సైట్లు కూడా మీరే సరిచేసి పెట్టగలుగుతారు. పెద్ద కంపెనీ తన సైటు కోసం తెరిచి చూసే సెర్చ్ కన్సోల్, హాస్టల్ విద్యార్థి తెరిచే సెర్చ్ కన్సోల్ ఒక్కటే. ఆ అవకాశాన్ని మనవాళ్ళందరూ వినియోగించుకోవాలని కోరుకుంటూ...

– ఒక పూర్వ విద్యార్థి